వెనక సీటు స్పీకరు

పోయిన వారం ఈ పేజీ మూసేటప్పుడు మీరు నన్ను చెవుల డాక్టరుగారి గుమ్మంలో వదిలి వెళ్ళారు. లోపల అత్తయ్య తలకి పెద్ద హెడ్‌ఫోన్లు. గాజు కిటికీకి ఇవతల కూర్చుని డాక్టరుగారు ఒక్కొక్క మాటే మైకులో చెబుతుంటే ఆవిడ తడుముకోకుండా తిరిగి అప్పజెప్పేసింది. కుర్చీ, గొడుగు, గడియారం, మేనత్త. హెడ్‌ఫోన్లు తీసేసి, ఎదురుగా నిలబడి అవే మాటలు చెబితే ఎప్పటిలాగే అరచెయ్యి చెవి వెనక పెట్టి అయోమయంగా చూసింది.

"గదిలో మాట ఈవిడకి అందదు. మెషీను పెట్టినా గోలే తప్ప మాట తెలీదు," అన్నారాయన. "కానీ గొంతు పెద్దగా, చెవి పక్కనే, అదీ ఫోన్లో వచ్చే గొంతులా వస్తే మాత్రం శుభ్రంగా వినిపిస్తుంది. ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేశారుగా, అలవాటైన చెవి."

ఆ మాటకి ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. మా మరిది, ఇంట్లో అందరికీ చిన్నోడు, రెండేళ్ళుగా ఇంటి గడప తొక్కలేదు. మామయ్యగారు ప్రమాదంలో పోయిన రోజు కారు నడిపింది వాడే. ఆ క్షణంలో వాడి చేతిలో ఫోన్ ఉంది. అవతల మాట్లాడుతున్నది అత్తయ్య. ఈ సంగతి నాకు చెప్పింది మా ఆయన. తన ఫోన్ వల్లే నాన్న పోయాడని తెలిస్తే అమ్మ బతకదన్నారు. అందుకని ఆవిడకి రెండు అబద్ధాలు చెప్పాం. ఆవిడ మాట్లాడి పెట్టేసిన చాలాసేపటికి ప్రమాదం జరిగిందన్నది ఒకటి. చిన్నోడికి ఫోన్లు పనిచెయ్యని చోట ఉద్యోగం దొరికిందన్నది రెండోది. అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. మా ఆయన ముందు వాడి ఊసెత్తకూడదు.

నేను మాత్రం వాడితో మాట్లాడుతూనే ఉన్నాను, కారులో. వారానికోసారి అత్తయ్యని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది నేనే. మేము ఆ దారిలో ఉండగానే వాడు ఫోన్ చేస్తాడు. అమ్మ ఎలా ఉందని అడుగుతాడు. తను ఫోన్ చేస్తున్నట్టు అమ్మకి తెలిసిన రోజున ఈ నెంబరు కూడా ఉండదని చెప్పి, మొదటి రోజే నా దగ్గర మాట తీసుకున్నాడు. మామయ్యగారు పోయాక మా ఆయన ఈ కారు కొని, బండి ఇంటికి రాకముందే ఫోన్‌తో కలిసే స్టీరియో పెట్టించారు. కారులో ఎవరూ ఫోన్ చేత్తో ముట్టకూడదని ఆజ్ఞ. రెండు మోతలు మోగితే స్టీరియో తనంతట తనే ఎత్తుకుంటుంది. అవతలివాళ్ళ గొంతు కారంతా వినిపిస్తుంది. మన మాట అద్దం పక్కన పైకప్పుకున్న చిన్న మైకు పట్టుకుంటుంది.

ముందున్న స్పీకర్లలో ఒకటి కొన్న వారంలోనే బొంగురుపోతే నేనే ఆ శబ్దమంతా వెనక్కి మళ్ళించాను. అంటే అత్తయ్య మోచేతి పక్కన, వెనక తలుపులో ఉన్న స్పీకరులోకి. వెనక ఎవరున్నారు గనక, అత్తయ్యేగా అనుకున్నాను. ఇంట్లో గోడలకి చెవులుంటాయని భయపడి కారులోకి పారిపోయినదాన్ని, ఉన్న రెండు చెవుల పక్కనే స్పీకరు పెట్టుకున్నాను.

ఆసుపత్రి నుంచి మా ఆయన ఆఫీసు దాకా బండి ఎలా నడిపానో నాకే తెలీదు. ఆయన లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజున సాయంత్రం ఆయన్ని ఎక్కించుకునే ఇంటికి వెళతాం. గేటుకి ఎదురుగా, మూసి ఉన్న కొట్టు ముందు బండి ఆపాను. సన్నగా వాన. అద్దాలకి ఆవిరి పట్టకుండా ఇంజను నడుస్తూనే ఉంది. చిన్నోడి ఫోన్ ఈ రోజు ఇంకా రాలేదు. రాకూడదనీ ఉంది, రాకపోతే ఏమయిందోననీ ఉంది. స్టీరియోలో గడియారం చూస్తున్నాను, గేటు చూస్తున్నాను, అద్దంలో అత్తయ్యని చూస్తున్నాను. ముళ్ళ మీద కూర్చోవడం అంటారే, కూర్చుంటే తెలుస్తుంది.

ఆవిడ మామూలుగానే ఉంది. కళ్ళజోడు కొంగుతో తుడుచుకుంటోంది.

ఈ కారు స్పీకరులో ఏమేం మాటలు వచ్చాయో ఒక్కొక్కటే గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి. అత్తయ్య తువ్వాళ్ళు మడతపెడితే పరుపు చుట్టల్లా ఉంటాయని మా అక్క అంటే నవ్వాను. ఆ మర్నాటి నుంచి తువ్వాళ్ళు పుస్తకాల్లా మడతపడి అలమర్లో కూర్చున్నాయి. పోన్లే, ఇన్నాళ్ళకి కుదిరింది అనుకున్నాను. స్నానాలగదిలో ఆవిడ పాట మొదలుపెడితే వీధిలో కుక్కలు కూడా ఒకదాని మొహం ఒకటి చూసుకుంటాయని అన్నదీ మా అక్కే. అప్పుడు తట్టింది నాకు, ఆవిడ పాట విని ఎన్నాళ్ళయిందో.

వెనక్కి తిరిగి, "అత్తయ్యా, మీకు అన్నీ వినిపిస్తున్నాయా?" అని గట్టిగా అడిగాను.

ఆవిడ అరచెయ్యి చెవి వెనక పెట్టుకుంది. "పెద్దోడింకా రాలేదుగా. అప్పుడే బయలుదేరడం ఏమిటి?" అంది, తన గొంతు తనకి వినపడని వాళ్ళు మాట్లాడేటంత పెద్దగా.

అందులో నటన లేదు. నా మాట ఆవిడకి నిజంగానే అందలేదు. అడగాల్సిన పద్ధతి అది కాదు.

అత్తయ్య చేతిసంచిలో ఒక బొత్తాల ఫోన్ ఉంటుంది. దాన్ని చెవికి పెట్టుకున్నా ఆవిడకి దోమ పాటంత కూడా వినపడదు. ఎక్కడైనా తప్పిపోతే ఎవరి చేతికైనా ఇచ్చి మాట్లాడించడానికని పెట్టాం. సైగ చేసి అది అడిగాను. ఎందుకని అడక్కుండా ఇచ్చింది. నా ఫోన్ గేరు పక్కన గూట్లో వదిలేసి, వానలో దిగి, మూసిన కొట్టు చూరు కిందకి పరుగెత్తి అక్కణ్ణుంచి నా నెంబరుకే ఫోన్ చేశాను. కారు అద్దంలోంచి స్టీరియో వెలగడం కనిపించింది. రెండు మోతలు. ఎత్తుకుంది.

"అత్తయ్యా," అన్నాను. "నేనే. బయట నిలబడ్డాను. వినిపిస్తోందా?"

అద్దం వెనక ఆవిడ కదల్లేదు. వైపర్లు ఒకసారి అటూ ఇటూ తిరిగి పడుకున్నాయి. తర్వాత ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. సంచి జిప్పు మూసి పక్కన పెట్టింది. నడుం నిటారుగా చేసి కూర్చుంది. అప్పుడు నా చెవిలో ఒక గొంతు పలికింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో నేను ఎప్పుడూ వినని గొంతు. నెమ్మదిగా, సమంగా, ఒక్క అక్షరం కూడా అరగకుండా.

"వినిపిస్తోందమ్మా. లైన్ బాగుంది. కాస్త మెల్లిగా మాట్లాడు, అరవక్కర్లేదు."

ఇంట్లో ఆవిడతో మాట్లాడీ మాట్లాడీ నా గొంతు ఎప్పుడో పాడైపోయింది. ఇంత మెల్లిగా మాట్లాడాల్సి వచ్చేసరికి ఏం మాట్లాడాలో తెలియలేదు.

ఎప్పటి నుంచి అని అడిగాను. ఈ కారు ఇంటికొచ్చినప్పటి నుంచీ అంది. మొదటిసారి మోచేతి పక్కన ఎవరో మాట్లాడితే తనకి మతిపోయిందేమో అనుకుందట. తీరా చూస్తే అది మా అక్క, వాళ్ళాయన గురకతో వేగలేకపోతున్నానని నాతో మొర పెట్టుకుంటోంది. ఆ తర్వాత ఒక రోజు చిన్నోడి గొంతు వచ్చిందట. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం తినకుండా పడుకుంటే, కారు ప్రయాణం పడలేదనుకుని నేను మాత్ర ఇచ్చానట. నాకు గుర్తులేదు.

"మరి చెప్పలేదేం అత్తయ్యా?"

ఎక్స్ఛేంజిలో చేరిన రోజున వాళ్ళ సూపర్‌వైజరమ్మ రెండే నేర్పిందట. లైన్లో విన్నది బయటికి మోసుకెళ్ళకూడదు. ఎవరి మాటైనా అందించాల్సి వస్తే ఒక్క ముక్క కూడా మార్చకూడదు. ఊళ్ళో ఎన్ని సంబంధాలు తప్పిపోయాయో, ఎవరు ఎవరికి ఏడుస్తూ ఫోన్ చేశారో అన్నీ ముందు ఆవిడ చెవిలోంచే వెళ్ళేవి. వాళ్ళే బజార్లో ఎదురైతే బాగున్నారా అని తప్ప ఇంకో మాట అనేది కాదట. కుండకి మూత ఉన్నట్టే ఆపరేటరుకీ ఉండాలంది.

"అది ఉద్యోగం," అన్నాను. "ఇది ఇల్లు."

"ఇల్లు కాబట్టే," అంది ఆవిడ. "నాకు వినపడుతుందని తెలిస్తే నువ్వు కారులో ఫోన్ మాట్లాడవు. వాడు అసలు చెయ్యడు. వాడి గొంతు వినాలంటే నేను చెవిటిదాన్నిగానే ఉండాలి."

చూరు మీంచి నీళ్ళు నా భుజం మీద పడుతున్నాయి. పక్కకి జరగాలని తోచలేదు. ఈ డాక్టరు వల్ల లాభం లేదు, మానేద్దాం అని నేనూ మా ఆయనా ఎన్నిసార్లు అన్నా ఆవిడ ఒప్పుకోకపోవడం, డాక్టరు రోజున పొద్దున్నే తయారై వరండాలో కాచుకుని కూర్చోవడం, దారిలో సిగ్నలు దగ్గర బండి ఆగితే మొహం వెలగడం, ఇవన్నీ నేను చూస్తూనే ఉన్నాను. ముసలితనం చాదస్తం అనుకున్నాను.

ఇంకో సంగతి అడగాలి. కాలుగాలిన పిల్లిలా ఆ చూరు కిందే అటూ ఇటూ తిరిగాను. అద్దంలోంచి ఆవిడ నన్నే చూస్తోంది.

"ఆ రోజు సంగతి అడగాలనుకుంటున్నావు," అంది. "అడుగు. నేను ఫోన్లో ఉండగానే ప్రమాదం జరిగిందని నా దగ్గర దాచారు. దాచడానికి ఏముందమ్మా, నేను లైన్లోనే ఉన్నాగా."

అప్పటికి ఆవిడకి ఒక చెవి ఇంకా పనిచేస్తూనే ఉంది. ఇస్త్రీకి ఇచ్చిన బట్టలు వచ్చేదారిలో తెమ్మని చెప్పడానికి చేసిందట. అంతే, ఇస్త్రీ బట్టలు. మామయ్యగారి కారులోనూ ఒక పాత స్టీరియో ఉండేది కాబట్టి ఇద్దరి గొంతులూ వినిపించాయట. మీ అమ్మ చీరలు ఎక్కిస్తే మనిద్దరం దిగి నడవాల్సిందేరా అని మామయ్యగారు నవ్వారట. ఆవిడ విన్న ఆఖరి నవ్వు అదే. అంతలో చిన్నోడి మాట సన్నగా రెండుసార్లు తెగింది. మాట్లాడుతుండగా ఇంకో ఫోన్ వస్తే అలాగే తెగుతుందట, ఎవరో ఏమో. అమ్మా ఒక్క క్షణం అన్నాడు వాడు.

"తర్వాత హారను. ఆ తర్వాత లైన్ ఉంది, మనుషులు లేరు," అంది. "నేను పెట్టెయ్యలేదు. ఎవరో వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకునేదాకా హలో అంటూనే ఉన్నాను. తర్వాత మీరొచ్చి చెప్పిన కథ బాగానే అల్లారు. నా మీద జాలితోనే కదా, విప్పడం ఎందుకని ఊరుకున్నా."

రెండేళ్ళు. ఆవిడకి తెలియకూడదని మేము, తెలుసని మాకు తెలియకూడదని ఆవిడ. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర అన్నం తింటూ.

కారులో అత్తయ్య చటుక్కున వేలెత్తి చూపించింది.

"ఇక్కడ టిక్కుటిక్కుమంటోంది. రెండో ఫోన్ తలుపు కొడుతోంది. వాడే. నన్ను పెట్టేసి వాణ్ణి ఎత్తు. పరుగెత్తమ్మా."

పరుగెత్తాను. మడమల దాకా నీళ్ళు చిమ్ముకుంటూ వెళ్ళి, తలుపు సరిగ్గా వేసుకోకుండానే కూలబడి స్టీరింగ్ మీద బొత్తాం నొక్కాను.

"వదినా, బిజీగా ఉన్నావా?" చిన్నోడి గొంతు. వెనక ఏవో యంత్రాల రొద.

లేదన్నాను. ఆయాసపడుతున్నావేమని అడిగాడు. వానలో తడిశానన్నాను. వాడు అసలు సంగతికి రావడానికి ఎప్పుడూ రెండు వీధులు తిరుగుతాడు. ఈ రోజు తిన్నగా వచ్చాడు. చేపల ఓడలో చలిగదులు చూసుకునే మెకానిక్కు పని దొరికిందట. రేపు పొద్దున ఎక్కాలట. సముద్రంలోకి వెళ్ళాక ఫోన్లుండవు, ఒప్పందం అయ్యేదాకా దిగడానికీ ఉండదు. దిగాక ఎటు వెళతాడో వాడికే తెలీదు.

"మీరు అమ్మకి చెప్పిన అబద్ధాన్ని నేను నిజం చేస్తున్నా," అని నవ్వబోయాడు. నవ్వు కుదర్లేదు. "అమ్మ ఉందా వెనక?"

"ఉంది."

"ఏం చేస్తోంది?"

ప్రతిసారీ అడిగే ప్రశ్నే. ప్రతిసారీ కిటికీలోంచి చూస్తోందని చెప్పేదాన్ని. అద్దంలోకి చూశాను. అత్తయ్య మొహం కిటికీ వైపే ఉంది. అరచెయ్యి మాత్రం తలుపుకున్న స్పీకరు జాలీ మీద పూర్తిగా ఆనించి ఉంది. మలుపుల్లో ఊతకోసం అలా పట్టుకుంటుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. బండి ఆగి ఉన్నప్పుడు ఊతమెందుకు?

"కూర్చుంది," అన్నాను.

గేటు దగ్గర గొడుగు విచ్చుకుంది. మా ఆయన. కాపలామనిషితో ఏదో మాట్లాడుతున్నారు.

"ఇక ఉంటా వదినా," అంటున్నాడు చిన్నోడు. "ఈ సిమ్ తీసేస్తా. నువ్వు ఈ రెండేళ్ళూ చేసింది నేను మర్చిపోను. అమ్మని చూసుకో."

పెట్టేస్తాడు. ఈ క్షణం దాటితే ఇంకేం ఉండదు. నేను నోరు తెరిచేలోపు నా భుజం పక్కన అత్తయ్య తల. రెండు సీట్ల మధ్యలోంచి ముందుకి వంగి, మొహం పైకెత్తి, పైకప్పుకున్న మైకుకి ఎంత దూరంలో పెట్టాలో అంత దూరంలో నోరు పెట్టింది. ఆ మైకు ఎక్కడుందో ఆవిడకి నేను ఎప్పుడూ చెప్పలేదు.

"బాబూ, లైన్లో ఉండు. అమ్మని."

యంత్రాల రొద తప్ప ఏమీ లేదు.

"నాకు కారులో వినిపిస్తుంది. మొదటి నుంచీ వింటున్నా. నీ దగ్గు తగ్గిందనీ విన్నా, చొక్కా బొత్తాలు నువ్వే కుట్టుకుంటున్నావనీ విన్నా. ఆ రోజు ఫోన్ చేసింది నేను. తప్పంటూ ఉంటే అది నాది. నా తప్పు మోసుకుని నువ్వు ఓడలెక్కి పోనక్కర్లేదు. పెట్టెయ్యకు, చెప్పు."

చెప్పేసి ఒక్క ఊపున వెనక్కి జరిగి, మళ్ళీ స్పీకరు మీద చెయ్యి ఆనించి కూర్చుంది. స్టీరియో తెర మీద అంకెలు మారుతున్నాయి, కాబట్టి వాడు పెట్టెయ్యలేదు. ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది. గొడుగు రోడ్డు దాటుతోంది. రావద్దు, ఇంకాస్త ఆగండి అని ఆయనకి ఎలా చెప్పను? ఎవరితో మాట్లాడుతున్నానని చెప్పను?

ఆయన నేరుగా నా వైపు వచ్చి, సరిగ్గా పడని తలుపు లాగారు. నిలబెట్టిన బండిలో ఇంజను నడిస్తే ఆయనకి ఒళ్ళు మండుతుంది. "పెట్రోలు కుళాయిలో వస్తోందనుకున్నావా?" అంటూనే అలవాటుగా చెయ్యి లోపలికి చాచారు.

"అమ్మా," అంది స్పీకరు.

ఆ ఒక్క మాటకి మా ఆయన చెయ్యి రాయిలా ఆగిపోయింది. అప్పటికే తాళం తిరిగిపోయింది.

వైపర్లు సగంలో నిలబడిపోయాయి. స్టీరియో నల్లబడింది. గూట్లోంచి నా ఫోన్ చిన్నగా, చీమంత గొంతుతో మాట్లాడుతూనే ఉంది. లాక్కుని చెవికి పెట్టుకున్నాను.

"వదినా, గొంతు మారిందేం? అమ్మ వింటోందా? అమ్మకి చెప్పు వదినా, అమ్మ ఫోన్ వల్ల కాదు. అమ్మతో మాట్లాడినంతసేపూ నా రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి, మాట స్టీరియోలో వస్తోంది. మధ్యలో రెండో ఫోన్ వచ్చింది. నాన్న కారులో ఆ పాత స్టీరియోకి రెండోది ఎత్తడం రాదు. ఎత్తకపోతే ఊరుకునే మనిషి కాదు, మళ్ళీ మళ్ళీ చేస్తాడు. అందుకని చేతిలోకి తీసుకున్నా."

"ఎవరు?" అన్నాను.

"అన్నయ్య. ఆ సంగతి అన్నయ్యకి మొదటి రోజు నుంచీ తెలుసు."

మా ఆయన గొడుగు పక్కకి వాలిపోయింది. వాన ఆయన మొహం మీద పడుతోంది. తాళంచెవి ఆయన పిడికిట్లో ఉంది.

"ఎవరది?" అన్నారు. ఎవరో తెలిసిన గొంతుతోనే.

వెనక అత్తయ్య మూగబోయిన స్పీకరు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఆయన వైపు చూడలేదు. అద్దంలో నా కళ్ళల్లోకే చూస్తూ, ఇందాక ఫోన్లో విన్న ఆ సమమైన గొంతుతోనే అడిగింది.

"నాకు వినపడటం లేదు. వాడేమన్నాడో చెప్పమ్మా. ఒక్క ముక్క కూడా మార్చకుండా."